పైరూమ్‌కి వైఫై అందట్లేదా? రిపీటర్ కొనేముందు ఇది చదవండి

ప్రశ్న: సార్, మాది మల్కాజిగిరిలో సొంతిల్లు, కింద పైన రెండు పోర్షన్లూ మేమే ఉంటం. ఫైబర్ కనెక్షన్, 100 ఎంబీపీఎస్ ప్లాన్. రూటర్ కింద హాల్లో టీవీ వెనకాల గోడకి కొట్టిపోయిండ్రు. హాల్లో మంచిగనే వస్తది, పైన వెనక రూమ్‌లో మాత్రం మా అత్తమ్మ అమెరికాలో ఉన్న మా మరిదితోని వీడియో కాల్ మాట్లాడుతుంటే బొమ్మ ఆగిపోతది, మోకాళ్ల నొప్పులతోనే ఫోన్ పట్టుకుని మెట్ల మీదికొచ్చి కూసుంటది, చూడబుద్ధి కాదు. కనెక్షన్ వాళ్లు 300 ప్లాన్‌కి మారమంటున్నరు, షాపాయన సిగ్నల్ అందుకుని ముందుకు పంపే రిపీటర్ తీస్కోమంటున్నడు. ఏం చేయమంటరు?
- ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: అమ్మా, ప్లాన్ మాత్రం మార్చకండి. హాల్లో బాగా వస్తోందంటే ఇంటిదాకా వచ్చే నెట్‌లో లోపం లేదు, పైకి ఎక్కేటప్పుడే ఆగిపోతోంది. వీడియో కాల్‌కి నాలుగైదు ఎంబీపీఎస్ చాలు. మీరు 300 తీసుకున్నా, వెయ్యి తీసుకున్నా స్లాబ్ స్లాబే, అందులో ఇనప చువ్వలు ఉంటాయి, వాటిని దాటేసరికి సిగ్నల్ సగం చచ్చిపోతుంది. దానికితోడు మీ రూటర్ టీవీ వెనకాల ఉంది, టీవీ లోపలంతా రేకే. బీరువా, పెద్ద అద్దం, చేపల తొట్టి పక్కన పెట్టినా ఇదే గతి.

కాబట్టి ముందు పైసా ఖర్చు లేని పని చేయండి. వనస్థలిపురంలో మా పిన్ని వాళ్లింట్లో అచ్చం మీలాగే ఉండేది, ఫోన్‌లో వైఫై అనలైజర్ యాప్ వేసుకుని మెట్టు మెట్టుకీ చూసుకుంటూ ఎక్కాను. అందులో సిగ్నల్ మైనస్ అంకెల్లో కనిపిస్తుంది, అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ తగ్గినట్టు, సుమారుగా -67 దాకా వీడియో కాల్‌కి ఢోకా లేదు, -80 దాటితే మాట కూడా తెగుతుంది. హాల్లో -45 ఉంది, మెట్ల మలుపు దగ్గర -60, పిన్ని మంచం దగ్గర -82. రూటర్‌ని టీవీ వెనక నుంచి తీసి మెట్ల పక్క గోడకి తల ఎత్తులో బిగించాం అంతే, మంచం దగ్గర -68కి వచ్చింది. మెట్ల దగ్గర స్లాబ్ ఉండదు కదా, సిగ్నల్‌కి అదే దారి. ఒకటే జాగ్రత్త, ఫైబర్ వైర్ లోపల ఉండేది గాజు పోగు, దాన్ని మీరు లాగొద్దు, మడత పెట్టొద్దు, జరపాలంటే కనెక్షన్ వాళ్లనే పిలవండి, రమ్మని గట్టిగా అడగండి.

అంతకీ చాలకపోతే అప్పుడు ఖర్చు పెట్టండి, కానీ రిపీటర్ మీద కాదు. చాలామంది దాన్ని తెచ్చి సిగ్నల్ రాని రూమ్‌లోనే ప్లగ్‌కి పెడతారు, రాని సిగ్నల్‌ని అది మాత్రం ఎక్కడి నుంచి తెస్తుంది? సగం దారిలో పెట్టినా, చవకరకం రిపీటర్ ఒకే రేడియోతో అటు వినాలి ఇటు చెప్పాలి, స్పీడ్ దాదాపు సగానికి పడిపోతుంది. నన్నడిగితే కింద రూటర్ నుంచి పైకి ఒక్క క్యాట్ 6 కేబుల్ (నెట్‌వర్క్ వైర్) లాగించండి. 100 మీటర్ల దాకా గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) స్పీడ్ తగ్గకుండా వెళ్తుంది, మీ ఇంటికి 20 మీటర్లు పట్టొచ్చేమో. గోడ పగలగొట్టక్కర్లేదు, ఏసీ పైపు కోసం వేసిన రంధ్రమో పాత కేబుల్ టీవీ వైర్ వచ్చిన దారో చాలు, కరెంటు వైర్లున్న పైపులోంచి మాత్రం వద్దు. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో మీటర్ లెక్కన కోసిచ్చి క్రింపింగ్ (చివర్లకి పిన్నులు బిగించడం) కూడా చేసిస్తారు, "ప్యూర్ కాపరేనా" అని అడిగి మరీ తీసుకోండి, అల్యూమినియం మీద రాగి పూత పూసింది అంటగట్టేవాళ్లున్నారు.

పైన ఆ కేబుల్‌కి పాత రూటర్ ఉంటే అదే తగిలించొచ్చు, సెట్టింగ్స్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్ (కేబుల్‌లో వచ్చిన నెట్‌ని వైఫైగా పంచేది) ఉంటే ఆన్ చేయడమే. లేకపోతే దాని అడ్రస్ కింద రూటర్‌తో కలవకుండా మార్చి (కింద 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2), డీహెచ్‌సీపీ (ఫోన్లకి అడ్రస్‌లు పంచేది) ఆఫ్ చేసి, కేబుల్‌ని బయటి నెట్ వచ్చే వ్యాన్ పోర్టుకి కాకుండా ఇంట్లో పరికరాలు తగిలించే ల్యాన్ పోర్టుకి పెట్టాలి. పేరు, పాస్‌వర్డ్ కింద ఉన్నవే ఇవ్వండి, అత్తమ్మగారు పైకెళ్లినా కిందికొచ్చినా ఫోన్ దానంతటదే పట్టుకుంటుంది, ఆమె ఏదీ నొక్కక్కర్లేదు.

ప్రశ్న: కూకట్‌పల్లిలో అపార్ట్‌మెంట్, డబుల్ బెడ్‌రూమే. పొద్దున బానే ఉంటుంది, రాత్రయితే వైఫై నత్తనడక. ఎందుకండీ?
- ఒక పాఠకుడు

జవాబు: చుట్టుపక్కల ఫ్లాట్ల రూటర్లన్నీ 2.4 గిగాహెర్ట్జ్ (వైఫై వాడే రెండు ముఖ్యమైన తరంగాల బ్యాండ్లలో ఒకటి, రెండోది 5 గిగాహెర్ట్జ్) మీదే ఉంటే ఇలాగే అవుతుంది, అందులో ఒకదానికొకటి అడ్డురాని ఛానెళ్లు 1, 6, 11 మూడే. ఫోన్లు, టీవీ 5 గిగాహెర్ట్జ్‌కి మార్చండి, దానికి గోడలు దాటే బలం తక్కువ కానీ పక్కింటి గోల కూడా అంతే తక్కువ. ఒకసారి రాత్రిపూట ల్యాప్‌టాప్‌ని వైర్‌తో రూటర్‌కి పెట్టి చూడండి, అప్పుడూ నెమ్మదిగానే ఉంటే తప్పు వైఫైది కాదు, కనెక్షన్ వాళ్లకి కంప్లైంట్ పెట్టండి.