టెక్ సందేహాలు: మెదడుకు బ్యాకప్ తీయొచ్చా?

ప్రశ్న: సైన్స్ ఫిక్షన్‌లో మనిషి మనసును కంప్యూటర్‌లోకి ఎక్కించేస్తుంటారు. వైజాగ్‌కు గూగుల్ గిగావాట్ డేటా సెంటర్ అంటున్నారు కదా, అందులో ఒక్క మెదడైనా పడుతుందా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, మద్దిలపాలెం

లెక్క వేద్దాం. మూర్ఛ ఆపరేషన్‌లో తీసిన మెదడు ముక్కను హార్వర్డ్, గూగుల్ కలిసి స్కాన్ చేసి, 2024లో ఫలితాలు ప్రచురించాయి. ముక్క సైజు ఒక్క ఘన మిల్లీమీటరు, ఆవగింజంత కూడా లేదు. దాన్ని దాదాపు 5 వేల పొరలుగా కోసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద ఫొటోలు తీస్తే 1.4 పెటాబైట్ల డేటా తేలింది. అంటే 20 టీబీ హార్డ్ డిస్కులు 70. మెదడు మొత్తం సుమారు 12 లక్షల ఘన మిల్లీమీటర్లు. కాబట్టి 8.4 కోట్ల డిస్కులు! ఒక్కోటి పనేమీ లేకుండా తిరుగుతున్నా 5 వాట్లు తాగుతుందనుకుంటే 420 మెగావాట్లు. గిగావాట్ అంటే వెయ్యి మెగావాట్లు కాబట్టి, ఒక్క మెదడు ఫొటోలకే అందులో సగానికి కాస్త తక్కువ. పరవాడ దగ్గర సింహాద్రి ఎన్‌టీపీసీ విద్యుత్ కేంద్రంలో ఒక యూనిట్ సామర్థ్యమే 500 మెగావాట్లు. అసలు మెదడు మాత్రం ఓ 20 వాట్లతో నడిచిపోతోంది.

ఫొటోలు పారేసి, ఏ కణం దేనికి తగులుకుందో ఆ జాబితా మాత్రం ఉంచుకుంటే సైజు చాలా తగ్గుతుంది. కాబట్టి చోటు అసలు సమస్య కాదు. ఒక జాతి నులిపురుగుకు ఉన్నవి 302 న్యూరాన్లే (నాడీకణాలే). వాటి వైరింగ్ పటం 1986లోనే వచ్చింది. అయినా ఆ పురుగును ఉన్నదున్నట్టుగా కంప్యూటర్‌లో నడిపించడం ఇప్పటికీ కుదరలేదు. ఎందుకంటే ఏ తీగ ఎక్కడికి పోతుందో పటం చెబుతుంది గానీ, ఏ కలయిక ఎంత బలంగా ఉందో, తీగతో పనిలేకుండా వ్యాపించే రసాయనాలు ఏ క్షణాన ఏం చేస్తున్నాయో చెప్పదు. అపార్ట్‌మెంట్ వైరింగ్ డ్రాయింగ్ చేతిలో పెట్టి, మూడో అంతస్తులో ఫ్యాన్ ఇప్పుడు ఎంత స్పీడులో తిరుగుతోందో చెప్పమంటే ఎలా చెబుతాం? పైగా తీగలను గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ అక్కడక్కడ రెండింటిని ఒకటి చేసేస్తుంది, ఒకదాన్ని రెండుగా తెంపేస్తుంది. 2024లో పండుఈగ మెదడు పటం వచ్చింది. అందులో ఉన్నవి 1,39,255 న్యూరాన్లు. వాటికే చాలామంది కూర్చుని తప్పులు దిద్దాల్సి వచ్చింది. మన మెదడులో సుమారు 8,600 కోట్లు.

ఇంకో మాట. ఒక డ్రైవ్ నుంచి ఇంకో డ్రైవ్‌కు ఫైల్‌ను కట్-పేస్ట్ చేస్తే కంప్యూటర్ నిజంగా చేసేది ముందు కాపీ, తర్వాత డిలీట్. మెదడు స్కానింగ్‌లోనూ పొరలు కోయడంతోనే అసలుది పోతుంది. అటువైపు లేచి కూర్చునేది మీ పేరు చెప్పుకునే కాపీ. మీరే లేచారని నేనైతే ఒప్పుకోను.

ప్రశ్న: మరి తలలో చిప్ పెట్టించుకుంటే జ్ఞాపకాలు బ్యాకప్ అవుతాయా?
– గాజువాక నుంచి

అవ్వవు. ఎలాన్ మస్క్ కంపెనీ న్యూరాలింక్ తయారుచేసిన చిప్‌లో ఉన్నవి 1,024 ఎలక్ట్రోడ్లు, అంటే మెదడు సంకేతాలను పట్టే మొనలు. చెయ్యి కదపాలన్న ఉద్దేశాన్ని పట్టి కర్సర్ కదపడానికి అవి సరిపోతాయి. జ్ఞాపకాల జోలికి అవి పోవు.

ప్రశ్న: నాన్నగారికి 78 ఏళ్లు. ఆయన మాట, చాట్లు దాచి, తర్వాత ఏఐతో మాట్లాడించాలని ఉంది. ఇప్పుడేం చేయాలి?
– గృహిణి, ఎంవీపీ కాలనీ

ముందు ఆయన్ని అడగండి. సరేనంటేనే మొదలుపెట్టండి.

వాయిస్ నోట్లను నమ్ముకోవద్దు. పంపేటప్పుడే వాట్సాప్ వాటిని బాగా కుదించేస్తుంది. ఫోన్ రికార్డర్‌లో నాణ్యతను గరిష్ఠానికి పెట్టి, ఫ్యాన్, ఏసీ ఆపి, ఫోన్‌ను నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కగా ఉంచండి. ఎదురుగా పెడితే ప, భ పలికినప్పుడు గాలి తగిలి ‘టప్’మంటుంది. పేపర్ చదివించకండి. చదివే గొంతే ఇస్తే, చదివే గొంతే తిరిగొస్తుంది. రామకృష్ణా బీచ్ కబుర్లో, పెళ్లినాటి సంగతులో ఎత్తితే ఆయన యాస దానంతటదే దొర్లుతుంది. రోజుకు పది నిమిషాల చొప్పున ఓ వారం చాలు.

వాట్సాప్‌లో ఆయన చాట్ తెరిచి, పైన మూడు చుక్కలు, ‘మరిన్ని’, ‘చాట్ ఎగుమతి’ నొక్కండి. ఫొటోలు కలిపితే ఇటీవలి 10 వేల మెసేజ్‌లే వస్తాయి. కలపకపోతే 40 వేలు. అందుకే రెండు రకాలుగానూ తీయండి. ఆయన గూగుల్ ఖాతాలో ‘ఇన్‌యాక్టివ్ అకౌంట్ మేనేజర్’ (ఖాతా వాడకం ఆగిపోతే డేటా ఎవరికి అందాలో చెప్పే చోటు) తెరిచి, మీ పేరు చేర్పించండి. ఎన్నాళ్లు వాడకపోతే అందాలో ఆ గడువు 3 నుంచి 18 నెలల దాకా పెట్టుకోవచ్చు.

దాచడానికి హార్డ్ డిస్క్ మేలు. ఎస్‌ఎస్‌డీని (తిరిగే పళ్లెం లేకుండా చిప్‌లలో డేటా దాచే డ్రైవ్‌ను) ఏళ్ల తరబడి కరెంటు ఇవ్వకుండా బీరువాలో పడేస్తే డేటా చెరిగిపోవచ్చు. మీ వైపు ఉప్పుగాలికి యూఎస్‌బీ పిన్నులు చిలుము పడతాయి కాబట్టి గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. ఇంకో కాపీ వేరే ఊళ్లోని బంధువుల ఇంట్లో ఉండాలి. 2014 హుద్‌హుద్ తుఫాను నాడు ఊరంతా ఒకేసారి దెబ్బతింది కదా.

ఆ రికార్డింగులను ఫ్యామిలీ గ్రూపులో మాత్రం పెట్టకండి. అదే గొంతుతో ‘అర్జెంటుగా డబ్బు పంపమ్మా’ అని ఎవడో ఫోన్ చేయగలడు. ఇంట్లోవాళ్లకే తెలిసిన ఒక గుర్తుమాట ఈరోజే అనుకుని పెట్టుకోండి.