పెయింటింగ్ చదివితే బతుకుదెరువు ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ చదువుతోంది. నీట్ రాయనంటోంది. పెయింటింగ్‌లో బీఎఫ్‌ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) చేసి, బొమ్మలు వేసుకుంటూ ఆర్ట్ టీచర్‌గా ఉంటానంటోంది. నిలదొక్కుకోగలదా? – ఒక తండ్రి, సిద్దిపేట

జవాబు: మీ అమ్మాయి ఆలోచన నాకు నచ్చింది. బొమ్మలు అమ్ముడుపోకపోతే అప్పుడు చూద్దామని కాకుండా, మొదటి నుంచీ రెండూ కలిపి చేస్తానంటోంది. మన దగ్గర పెద్ద చిత్రకారులు నడిచిన దారే ఇది. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన చిత్రకారుడు లక్ష్మాగౌడ్ హైదరాబాద్‌లో చదివి, గుజరాత్‌లోని బరోడా ఎం.ఎస్. యూనివర్సిటీలో చిత్రకారుడు కె.జి. సుబ్రహ్మణ్యన్ దగ్గర నేర్చుకున్నారు. తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ (హెచ్‌సీయూ)లో పాఠాలు చెబుతూనే తన బొమ్మలు వేశారు. ఆ గురువుగారూ బరోడాలో, శాంతినికేతన్‌లో పిల్లలకు నేర్పినవారే.

హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ)లో బీఎఫ్‌ఏ నాలుగేళ్లు. ఇంటర్‌లో ఏ గ్రూపైనా చేరవచ్చు, వాళ్ల ప్రవేశపరీక్ష రాయాలి. అందులో జ్ఞాపకం నుంచి బొమ్మ గీయమంటారు. ఫొటో చూసి అచ్చుగుద్దినట్టు వేసే పిల్లలు అక్కడే తడబడతారు. అంగడిలోనో బస్టాండులోనో చూసినదాన్ని ఇంటికొచ్చి గీయడం ఇప్పటి నుంచే అలవాటు చేసుకోమనండి.

నా గట్టి సలహా ఒక్కటే, బీఎఫ్‌ఏతో ఆపకండి, పీజీ కూడా చేయించండి. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు పాసై, 42 రోజుల టీటీసీ (టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్) శిక్షణ తీసుకుని బడిలో డ్రాయింగ్ టీచర్‌గా చేరేవాళ్లున్నారు. గౌరవమైన పనే. కానీ చాలా ప్రైవేటు స్కూళ్లలో జీతం తక్కువ. వార్షికోత్సవం స్టేజీ, చార్టులు, గోడల మీద బొమ్మలు అన్నీ ఆ ఒక్కరి నెత్తినే పడతాయి. సాయంత్రానికి సొంత కాన్వాస్ ముందు కూర్చునే ఓపిక ఉండదు. ఇలా బొమ్మలు వేయడం మానేసిన మంచి పిల్లల్ని చూశాను, ఆ బాధతోనే ఇంత చెబుతున్నాను.

హెచ్‌సీయూలోనో, బరోడాలోనో, శాంతినికేతన్ కళాభవన్‌లోనో పీజీ 55 శాతం మార్కులతో పూర్తిచేసి, విజువల్ ఆర్ట్స్‌లో నెట్ (అధ్యాపక అర్హత పరీక్ష) పాసైతే అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు అర్హత వస్తుంది. మూల వేతనం రూ.57,700. ఈ పోస్టులు తక్కువ, నోటిఫికేషన్లు ఆలస్యం. ఈలోగా గెస్ట్ ఫ్యాకల్టీగా చేయాల్సి రావచ్చు. అయినా యూనివర్సిటీలో స్టూడియో, సెలవులు, సాటి కళాకారుల సావాసం దొరుకుతాయి.

బొమ్మల మీదే బతకడం మొదట్లో కష్టం. అమ్ముడైన ధరలో మూడో వంతు నుంచి సగం దాకా గ్యాలరీకి పోతుంది. నెలజీతం ఉంటే అమ్ముడయ్యే బొమ్మనే పదేపదే వేయాల్సిన అవసరం ఉండదు. 18–25 ఏళ్ల యువ కళాకారులకు కేంద్ర సాంస్కృతిక శాఖ రెండేళ్లపాటు నెలకు రూ.5,000 స్కాలర్‌షిప్ ఇస్తుంది. దానికీ ప్రయత్నించమనండి.

ఒక పనిదినం చూసుకుని అమ్మాయితో మాసబ్‌ట్యాంక్ వెళ్లి స్టూడియోలు చూసి రండి. చివరి సంవత్సరం పిల్లలతో తననే మాట్లాడనివ్వండి.