దేశం సంగతి తర్వాత, ముందు గ్రూపు

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. రెండెకరాల కొబ్బరితోట, కౌలుకు తీసుకున్న వనామీ రొయ్యల చెరువు ఉన్నాయి. పదో తరగతి చదువుతున్న మా అబ్బాయి ఇంటర్ కాగానే అమెరికా వెళ్తానంటున్నాడు. ఏం చదువుతావని అడిగితే మాట్లాడడు. క్లాసులో చాలామంది మాట ఇదేనట. చెరువు పని మాత్రం ఇష్టం. చెక్ ట్రే (మేత ఎంత మిగిలిందో చూసేందుకు చెరువులో ఉంచే పళ్లెం) ఎత్తి చూసి, మేత ఎంత తగ్గించాలో వాళ్ల నాన్నకు చెబుతాడు. ఇప్పుడే ఐఈఎల్‌టీఎస్ (ఇంగ్లిష్ పరీక్ష) కోచింగ్‌లో చేర్చమంటారా?

జవాబు: వద్దమ్మా. ఆ స్కోరు రెండేళ్లే చెల్లుతుంది. ఇప్పుడు రాస్తే ఇంటర్ అయ్యేసరికి అది పనికిరాదు.

అబ్బాయిని తప్పుపట్టలేను. కోనసీమలో గల్ఫ్‌కో అమెరికాకో మనిషిని పంపని వీధి అరుదు. సంక్రాంతికి వచ్చినవాళ్ల దర్జా పిల్లల కంట పడుతుంది, నెలనెలా వాళ్లు కడుతున్న వాయిదాలు పడవు. అందుకే ఎక్కడికి వెళ్లాలో అందరికీ తెలుసు, ఎందుకని అడిగితే నోరు పెగలదు.

ఇంటర్ తర్వాతే వెళ్తే నాలుగేళ్ల ఖర్చు మీ నెత్తిన పడుతుంది. ఇక్కడ డిగ్రీ చేసి పీజీకి వెళ్తే సాధారణంగా రెండేళ్లతో సరిపోతుంది. 30 లక్షల అప్పుకు 11 శాతం వడ్డీ అనుకున్నా, నెలకు వడ్డీయే 27,500 రూపాయలు. 2025లో అమెరికా సుంకాలు పెంచినప్పుడు రొయ్య రైతు ఎంత బెంగపడ్డాడో మీకు నేను చెప్పాలా? ఆ ఆదాయాన్ని నమ్ముకుని తోట తాకట్టు పెట్టకండి. బంకులో పనిచేసి ఫీజు కట్టుకోవచ్చని చెప్పేవాళ్లనూ నమ్మకండి. అమెరికా విద్యార్థి వీసా మీద చదువు సాగే రోజుల్లో సాధారణంగా క్యాంపస్‌లోనే, వారానికి 20 గంటల వరకే పని చేయనిస్తారు. జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల ఫీజు లేదన్న మాట నిజమే. అయితే మన ఇంటర్‌తో అక్కడ నేరుగా డిగ్రీలో చేరడం సాధారణంగా కుదరదు.

మీ ఉత్తరంలో నాకు నచ్చిన మాట చెక్ ట్రే. మిగిలిన మేత చూసి చెరువులో రొయ్య పరిస్థితి పసిగట్టే పిల్లవాడికి జీవశాస్త్రం వంట్లోనే ఉంది. మరి అమెరికా అనగానే కంప్యూటర్లే అనుకుని ఎంపీసీలో చేర్చేస్తారేమోనని నా భయం. బైపీసీ చదివి ఈఏపీసెట్ రాస్తే నాలుగేళ్ల బీఎఫ్‌ఎస్సీ (మత్స్యశాస్త్ర డిగ్రీ)లో చేరవచ్చు. రాష్ట్ర మత్స్య విశ్వవిద్యాలయం ఏర్పాటైనది ఎక్కడో కాదు, సఖినేటిపల్లి రేవులో పంటు (బల్లకట్టు) ఎక్కి గోదావరి దాటితే వచ్చే నరసాపురంలో. ఆ తర్వాత పీజీకి బెల్జియంలోని ఘెంట్, నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్ విశ్వవిద్యాలయాల్లో ఆక్వాకల్చర్ కోర్సులు ఉన్నాయి. ఈ పేర్లు అబ్బాయికి చెప్పి చూడండి. అప్పటికీ కంప్యూటర్లే కావాలంటే చదవనివ్వండి, కానీ కారణం తన నోటితో చెప్పాలి. బావ వెళ్లాడన్నది కారణం కిందికి రాదు.

ఈ ఏడాది మీరు చేయాల్సిన పని ఇంకొకటి ఉంది. బడి నుంచి పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసే విద్యార్థుల వివరాల జాబితా) వెళ్లే ముందు ఇంటిపేరు, పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో అక్షరం అక్షరం సరిచూడండి. రేపు పాస్‌పోర్టులోనూ అదే పేరు ఉండాలి. ఒకచోట ఇంటిపేరు మొదటి అక్షరం మాత్రమే, మరోచోట పూర్తి ఇంటిపేరు ఉంటే వీసా సమయంలో అఫిడవిట్ల కోసం తిరగాల్సింది మీరే.