గిటార్ సందేహాలు: ఒక్క పెడల్ కొనాలంటే ఏది?

ప్రశ్న: నా దగ్గర ఎలక్ట్రిక్ గిటార్, చిన్న యాంప్ ఉన్నాయి. ప్రస్తుతానికి ఒక్క పెడల్‌తోనే (గిటార్‌కీ యాంప్‌కీ మధ్య పెట్టి, కాలితో నొక్కి శబ్దం మార్చే పెట్టె) సరిపెట్టుకోవాలి. ఓవర్‌డ్రైవ్, డిస్టార్షన్, ఫజ్ అంటున్నారు. వీటికి తేడా ఏమిటి? ఏది తీసుకోమంటారు?

జవాబు: యాంప్ ట్యూబులదా, ట్రాన్సిస్టర్లదా అన్నది మీరు రాయలేదు. సగం జవాబు దాని మీదే ఉంది.

ముందు తేడా చెప్పుకుందాం. మూడూ చేసేది ఒకే పని: సిగ్నల్‌ను పెంచి, దాని శిఖరాలను కోసేయడం. కోసే తీరు వేరు. ట్యూబ్ స్క్రీమర్ లాంటి ఓవర్‌డ్రైవ్‌లో శిఖరాలను కోసే డయోడ్లు ఆప్-యాంప్ (సిగ్నల్‌ను పెంచే చిప్) ఫీడ్‌బ్యాక్ లూప్‌లో, అంటే దాని అవుట్‌పుట్‌ను తిరిగి ఇన్‌పుట్‌కి పంపే దారిలో ఉంటాయి. శిఖరాలు గుండ్రంగా తెగుతాయి, కోత పడని సిగ్నల్ కొంత దానితో కలిసి బయటికొస్తుంది. అందుకే మెల్లగా మీటితే తేటగా, గట్టిగా మీటితే గరగరగా పలుకుతుంది. బాస్ కంపెనీ డిఎస్-1, ర్యాట్ లాంటి డిస్టార్షన్ పెడల్స్‌లో డయోడ్లు ఆప్-యాంప్ తర్వాత, సిగ్నల్‌కూ గ్రౌండ్‌కూ మధ్య ఉంటాయి. అక్కడ కోత నిటారుగా పడుతుంది కాబట్టి మెల్లగా మీటినా గరుకుదనం పోదు. ఫజ్ ఇంకా మొరటుది, తరంగాన్ని దాదాపు చదరంగా మార్చేస్తుంది. రెండు మూడు స్వరాలున్న కార్డ్ వాయిస్తే ముద్దగా వినిపించేది అందుకే.

మీది ట్యూబ్ యాంప్ అయి, వాల్యూమ్ కాస్త పెంచగానే గరగరమనే రకమైతే, ట్యూబ్ స్క్రీమర్ కోవకు చెందిన ఓవర్‌డ్రైవ్ తీసుకోండి. డ్రైవ్ నాబ్ (గరగర ఎంతన్నది) దాదాపు సున్నాలో, లెవెల్ నాబ్ (బయటికెళ్లే బలం ఎంతన్నది) మూడొంతుల పైన పెట్టండి. అప్పుడు గరగర పెడల్‌ది కాదు, పెడల్ తోసిన తోపుకి యాంప్ చేసేది. ఈ సర్క్యూట్ కోతకు ముందే సుమారు 720 హెర్ట్జ్ కింది భాగాన్ని తగ్గిస్తుంది. లావు తీగల మీద వాయించినా శబ్దం బురదగా మారకపోవడానికి కారణం అదే.

తేటగా మాత్రమే పలికే ట్రాన్సిస్టర్ యాంప్‌కి అదే పెడల్ తగిలిస్తే ముక్కుతో పాడినట్టు, పల్చగా ఉంటుంది. అక్కడ సొంత గొంతున్న ర్యాట్ లాంటిది నయం. దాని ఫిల్టర్ నాబ్ మిగతా పెడల్స్ టోన్ నాబ్‌కి వ్యతిరేకం: కుడికి తిప్పేకొద్దీ శబ్దం మసకబారుతుంది. ఇది తెలియక పెడల్ పాడైందనుకునేవాళ్లూ ఉన్నారు.

ఫజ్‌ని మొదటి పెడల్‌గా తీసుకోమని మేం చెప్పం. అది రెండో ప్రేమ.

కొనేముందు మీ గిటార్‌తోనే పరీక్షించండి. పెడల్ ఆన్ చేసినా, ఆఫ్ చేసినా ఒకే బిగ్గరగా వినిపించేలా ముందు లెవెల్ సరిచేయండి. ఇది చేయకపోతే పరీక్ష దండగ, ఎందుకంటే చెవికి బిగ్గరగా ఉన్నదే బాగున్నట్టు తోస్తుంది. తర్వాత గిటార్ వాల్యూమ్ 10 నుంచి 6కి దించి చూడండి, శబ్దం తేటపడాలి. ఓ మైనర్ సెవెంత్ కార్డ్ (నాలుగు స్వరాలది) పట్టి ఒక్కో స్వరం విడిగా తెలుస్తోందో లేదో వినండి. చివరగా ఒకే స్వరం మీటి, అది పూర్తిగా ఆరిపోయేదాకా ఆగండి. చివర్లో పటపటమని తెగిపోతే బయాస్ (ట్రాన్సిస్టర్లు సరిగా పనిచేయడానికి లోపల అమర్చే వోల్టేజి) తేడాగా ఉందనో, బ్యాటరీ అయిపోతోందనో అర్థం.

ఇంకొక్క మాట. తక్కువ శబ్దంలో వింటే మధ్యస్థాయి తగ్గించిన బిగ్ మఫ్ ఫజ్ లాంటి పెడల్స్ గొప్పగా ఉంటాయి. డ్రమ్స్, బేస్ గిటార్ తోడయ్యాక అదే సెట్టింగ్‌లో గిటార్ మాయమవుతుంది. కింది స్థాయి బేస్‌దీ, పై స్థాయి డ్రమ్స్ తాళాలదీ (సింబల్స్), మీకు మిగిలేది మధ్యే. మీరు నిజంగా వాయించే శబ్దంలోనే విని చూడండి.

ప్రశ్న: ఫజ్ ఫేస్ రకం పెడల్‌ను ట్యూనర్ (శ్రుతి చూపే పెడల్) తర్వాత పెడితే గీసుకుపోతున్నట్టు, పల్చగా వస్తోంది. ముందు వా పెడల్ (పాదంతో ఊపితే 'వా వా' అనిపించేది) పెడితే ఈలలు వేస్తోంది. ఎందుకు?

జవాబు: పెడల్ తప్పు కాదు, వరస తప్పు. మామూలు పెడల్ ఇన్‌పుట్ ఇంపీడెన్స్ (సిగ్నల్‌కి చూపే అడ్డు) 5 లక్షలు, 10 లక్షల ఓమ్‌లలో ఉంటే, ఈ ఫజ్‌ది వేలల్లోనే ఉంటుంది. తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే గిటార్ పికప్ కాయిల్ దాని సర్క్యూట్‌లో భాగమైపోతుంది. మధ్యలో బఫర్ (ముందున్నదాన్నీ వెనకున్నదాన్నీ విడదీసే చిన్న సర్క్యూట్) ఉన్న ట్యూనర్ వస్తే ఆ బంధం తెగుతుంది. గిటార్ వాల్యూమ్ తగ్గిస్తే తేటపడే గుణం కూడా దాంతోపాటే పోతుంది. ఫజ్‌ని గిటార్ పక్కనే పెట్టి, ఆ తర్వాత వా, ఆ తర్వాత ట్యూనర్ పెట్టండి.

అందులోవి జెర్మేనియం ట్రాన్సిస్టర్లైతే ఎండలో ఉంచకండి. వేడికి లీకేజ్ కరెంట్ పెరిగి బయాస్ జరిగిపోతుంది. పైగా పిఎన్‌పి రకం ట్రాన్సిస్టర్లున్న పాత పద్ధతి ఫజ్‌లలో గ్రౌండ్‌కి కలిపేది పాజిటివ్ కొస. మిగతా పెడల్స్‌తో ఒకే డైసీ చైన్ (ఒక్క అడాప్టర్ నుంచి అన్నిటికీ వెళ్లే తీగ) మీద పెడితే సప్లై షార్ట్ అవుతుంది. బ్యాటరీ గానీ, విడి ఐసొలేటెడ్ అవుట్‌పుట్ (మిగతావాటితో కలవని సప్లై) గానీ వాడండి.

ప్రశ్న: పెడల్‌కి 20 మిల్లీ ఆంపియర్లు చాలని ఉంది. నా అడాప్టర్ 9 వోల్టులు, 500 మిల్లీ ఆంపియర్లది. కాలిపోతుందా?

జవాబు: కాలదు. పెడల్ తనకు కావలసినంతే లాక్కుంటుంది. చూడాల్సినవి వోల్టేజి, పిన్ దిశ. ఎక్కువ పెడల్స్‌కి పిన్ మధ్యభాగం నెగటివ్. అయినా మీ దాని మీద గుర్తు చూశాకే పెట్టండి. 9 వోల్టులవాటికి 18 ఇస్తే లోపలి కెపాసిటర్లు చాలాసార్లు 16 వోల్టులవే కాబట్టి దెబ్బతింటాయి. డిజిటల్ డిలే (శబ్దాన్ని కాసేపటికి తిరిగి వినిపించే పెడల్) లాంటివి 100 మిల్లీ ఆంపియర్లు దాటి తాగుతాయి. అవి ఓవర్‌డ్రైవ్‌తో ఒకే తీగ పంచుకుంటే కీచుమనే సన్నని మోత వస్తుంది. ఐసొలేటెడ్ సప్లైతోనే అది పోతుంది.

బ్యాటరీతో వాడేవాళ్లు వాయించడం అయ్యాక ఇన్‌పుట్ కేబుల్ పీకేయాలి. చాలా పెడల్స్‌లో ఆ జాకే స్విచ్. ప్లగ్ ఉన్నంతసేపు, పెడల్ ఆఫ్‌లో ఉన్నా బ్యాటరీ కరుగుతూనే ఉంటుంది.

ప్రశ్న: డిలే పెడల్‌ని పాట వేగానికి ఎలా కలపాలి?

జవాబు: నిమిషంలోని 60,000 మిల్లీ సెకన్లను నిమిషానికి పడే బీట్లతో భాగించండి. 120 బీట్ల పాటకి 500 మిల్లీ సెకన్లు. చుక్క పెట్టిన ఎనిమిదో స్వరం (డాటెడ్ ఎయిత్, ముప్పావు బీటు) కావాలంటే దాన్ని 0.75తో గుణించండి, 375 వస్తుంది. గరగర యాంప్ నుంచే తీసుకుంటున్నట్టయితే డిలేని యాంప్ వెనకాల ఉండే ఎఫెక్ట్స్ లూప్‌లో (గరగర పుట్టాక పెడల్ కలపడానికి ఇచ్చే జాక్‌లు) కలపండి. ముందు పెడితే ప్రతిధ్వనులు కూడా డిస్టార్ట్ అయి ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి.