కిచెన్ రీమోడల్‌లో ఔట్‌లెట్లు ఎక్కడెక్కడ ఉండాలి: మా ఇంట్లో జరిగింది చెప్తాను

డాలస్ దగ్గర పాత ఇల్లు కొన్నామని, కిచెన్ మొత్తం తీసేసి కొత్తగా చేయిస్తున్నామని రాశారు. కౌంటర్ మీద ఔట్‌లెట్లు, అంటే ప్లగ్ పాయింట్లు, ఎంతెంత దూరంలో ఉండాలి, ఐలాండ్‌కి, అంటే కిచెన్ మధ్యలో విడిగా ఉండే కౌంటర్‌కి, తప్పనిసరా అని మీ ప్రశ్న. మేమూ డాలస్ శివార్లలోనే 2024లో ఇదే పని చేయించాం. సిటీ వాళ్ల ఫైనల్ ఇన్‌స్పెక్షన్‌లో ఒకసారి ఫెయిలయ్యాం కూడా. ఆ టెన్షన్ మీకు ఉండకూడదని కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఐలాండ్ సంగతి. టెక్సాస్‌లో 2023 సెప్టెంబర్ 1న నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ (ఇళ్ల వైరింగ్ ఎలా ఉండాలో చెప్పే అమెరికా నియమాలు) 2023 ఎడిషన్ అమల్లోకి వచ్చింది. పాత ఎడిషన్లలో ఐలాండ్‌కి ఔట్‌లెట్ తప్పనిసరి. చాలామంది దాన్ని కౌంటర్ అంచు కింద, క్యాబినెట్ పక్క చెక్కకి పెట్టించుకునేవాళ్లు. ఈ ఎడిషన్ ప్రకారం ఔట్‌లెట్ పెట్టుకోవడం మీ ఇష్టం. వద్దనుకుంటే, తర్వాత ఎప్పుడైనా పెట్టుకోవడానికి వీలుగా ఏర్పాటు మాత్రం ఉంచాలి. పెట్టుకుంటే అది కౌంటర్ పైన ఉండాలి, లేదా కౌంటర్‌టాప్ కోసమే పరీక్షించి లిస్ట్ చేసిన పాప్-అప్ రకం (వాడేటప్పుడు కౌంటర్‌లోంచి పైకి లేచేది) కావాలి. మామూలు ఔట్‌లెట్‌ని రాయిలో పైకి చూసేలా బిగించడం కుదరదు. పక్క చెక్కకి పెట్టడం ఇక లేదు.

ఈ మార్పు ఎందుకు వచ్చిందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంతకుముందు మేం అద్దెకున్న ఇంట్లో ఐలాండ్ ఔట్‌లెట్ పక్క చెక్కకే ఉండేది. మా పాపకి అప్పుడు ఏడాదిన్నర. మా అమ్మ తెనాలి నుంచి వచ్చి ఉంది. ఒక సాయంత్రం టీ కోసం కెటిల్ పెట్టింది. దాని వైరు ఐలాండ్ పక్కన వేలాడుతోంది. పాప ఆ వైరు పట్టుకుని లేచి నిలబడబోయింది. అమ్మ ఒక్క ఉదుటున వచ్చి కెటిల్ పట్టుకుంది. మరిగే నీళ్లు అమ్మ ముంజేతి మీద పడ్డాయి, పాప మీద పడలేదు. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. వేలాడే వైర్లని పిల్లలు లాగి కాల్చుకోవడం ఈ దేశంలో చాలా ఇళ్లలో జరిగింది కాబట్టే కోడ్ మార్చారు. అందుకే మా కొత్త ఐలాండ్‌కి పాప్-అప్ పెట్టించాం. ఖర్చు ఎక్కువే, కానీ దాని విషయంలో నేను బేరం ఆడలేదు.

ఇక గోడ వెంబడి కౌంటర్. గోడ పొడవునా ఏ చోటు తీసుకున్నా, అక్కడి నుంచి 24 అంగుళాల లోపు ఒక ఔట్‌లెట్ ఉండాలి. అంటే రెండు ఔట్‌లెట్ల మధ్య నాలుగడుగులు మించకూడదు. మిక్సీ, టోస్టర్ లాంటి వాటి వైర్లు పొట్టిగా, రెండడుగులే వస్తాయి కదా, ఆ లెక్క ఇది. ఎక్స్‌టెన్షన్ కార్డ్ అవసరం రాకూడదని. ఎత్తు కౌంటర్ నుంచి 20 అంగుళాలు దాటకూడదు. సింక్, స్టవ్ మధ్యలో వస్తే వాటికి అటూ ఇటూ ఉన్న కౌంటర్లని వేర్వేరు ముక్కలుగా లెక్కేస్తారు. 12 అంగుళాలు, అంతకన్నా ఎక్కువ వెడల్పున్న ప్రతి ముక్కకీ దాని ఔట్‌లెట్ దానికి ఉండాలి.

మేం దెబ్బతిన్నది సరిగ్గా ఇక్కడే. గోడల్లో వైరింగ్ అయ్యి, మొదటి ఇన్‌స్పెక్షన్ పాసయ్యాక, ఫ్రిజ్ కొలత మారి క్యాబినెట్లు జరిపాం. ఫ్రిజ్‌కీ స్టవ్‌కీ మధ్య 14 అంగుళాల కౌంటర్ ముక్క మిగిలింది. నూనె సీసాలు పెట్టుకుందాం అనుకున్నాం తప్ప, దానికీ ఔట్‌లెట్ కావాలని మాకు గానీ కాంట్రాక్టర్‌కి గానీ తట్టలేదు. ఇన్‌స్పెక్టర్ టేపుతో కొలిచి ఆపేశారు. అతికించిన టైల్స్ కోసి, గోడ తవ్వి మళ్లీ చేయించాం. ప్లాన్‌లో ఒక్క అంగుళం మారినా కౌంటర్లన్నీ మళ్లీ కొలవండి, దయచేసి.

సర్క్యూట్ల గురించి మీరు అడగలేదు గానీ, అది ఇంకా ముఖ్యం. కౌంటర్ ఔట్‌లెట్లకి కనీసం రెండు 20 ఆంప్స్ సర్క్యూట్లు (ఒక్కోటి సొంత బ్రేకర్ ఉన్న విడి లైను) ఉండాలి. క్యాబినెట్ కింది లైట్లని వాటికి కలపకూడదు. మన ఊళ్లో 230 వోల్టుల మీద 16 ఆంప్స్ పవర్ సాకెట్ 3,680 వాట్లు ఇస్తుంది. ఇక్కడ 120 వోల్టుల మీద 20 ఆంప్స్ అంటే 2,400 వాట్లే. 1,500 వాట్ల కెటిల్, అంతే వాట్ల ఎయిర్ ఫ్రయర్ ఒకే సర్క్యూట్ మీద పడితే బ్రేకర్ పడిపోతుంది. మనవి ఇడ్లీ పిండి రుబ్బుతూ, కుక్కర్ పెట్టి, పక్కన టీ కాచే వంటిళ్లు. మేం మూడు సర్క్యూట్లు వేయించాం, పక్కపక్క ఔట్‌లెట్లు వేర్వేరు సర్క్యూట్ల మీద వచ్చేలా. కోడ్ చెప్పేది కనీసం మాత్రమే, మీరూ మూడు అడగండి.

కిచెన్ ఔట్‌లెట్లన్నిటికీ జీఎఫ్‌సీఐ (షాక్ తగలకుండా కరెంటుని వెంటనే ఆపేసే పరికరం) రక్షణ ఉండాలి. 2023 ఎడిషన్‌లో ఫ్రిజ్ వెనకది కూడా దీని కిందికే వస్తుంది. 4 నుంచి 6 మిల్లీఆంప్స్ కరెంటు దారి తప్పినా అది ఆపేస్తుంది. మా పాత 110 వోల్టుల గ్రైండర్ ఆన్ చేసినప్పుడల్లా ఇది పడిపోయేది. జీఎఫ్‌సీఐ తీసేసి మామూలుది పెట్టమని అడిగాను. ఎలక్ట్రీషియన్ ఒప్పుకోలేదు. గ్రైండర్ విప్పి చూస్తే మోటార్‌లోకి పిండి నీళ్లు దిగి ఉన్నాయి. తడి చేతులతో దాన్ని రోజూ ముట్టుకునేది మా ఆవిడ. ఆయన ఒప్పుకోకపోవడమే మంచిదైంది.

ఒక పని మాత్రం ఈ వారంలోనే చేయండి. మీ సిటీ పర్మిట్ ఆఫీసుకి ఫోన్ చేసి, వాళ్లు ఏ ఎడిషన్ చూస్తున్నారో, సొంతంగా ఏమైనా మార్పులు పెట్టుకున్నారో అడగండి. గోడలు మూసేముందు ప్రతి గోడనీ టేపు పక్కన పెట్టి ఫోటో తీసుకోండి. మా టైల్స్ కోసినప్పుడు వైరు ఎక్కడుందో ఆ ఫోటోల్లోనే కనిపించింది.