పాదరీ చేతులు

బెంగళూరు

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. పాదరీ బంకర్‌లో పూజకు ముందు పానపాత్రను చొక్కా అంచుతో తుడిచే చోటు నాకెంతో నచ్చింది. కానీ చివర్లో శత్రువులు చుట్టుముట్టగానే ఆయన చేతికి తుపాకీ ఇచ్చేశావు. అక్కడే నాకు బాధేసింది.

నువ్వు రాస్తున్నది కొరియా యుద్ధం గురించి. అమెరికా సైన్యంలో పాదరీ ఆయుధం పట్టడు. ఒట్టి చేతులతో ఆయన ఏం చేశాడన్నదే కథ.

ఫాదర్ ఎమిల్ కపాన్ గురించి చదువు. అమెరికాలోని కాన్సాస్‌లో రైతుబిడ్డ, ఆ యుద్ధంలో సైన్యపు పాదరీ. 1950 నవంబరు 2న, ఉత్తర కొరియాలోని ఉన్‌సాన్ దగ్గర, తప్పించుకునే వీలున్నా గాయపడ్డవాళ్లను వదల్లేక ఆగిపోయి పట్టుబడ్డాడు. కాలు విరిగి గుంటలో పడివున్న హెర్బర్ట్ మిల్లర్ అనే సార్జెంటుకు ఒక చైనా సైనికుడు తుపాకీ గురిపెట్టాడు. కపాన్ నడుచుకుంటూ వెళ్లి ఆ సైనికుణ్ణి పక్కకి తోసి, మిల్లర్‌ని లేపి మోసుకుపోయాడు. మిల్లర్ బతికాడు. 2013లో కపాన్‌కి మరణానంతరం అమెరికా అత్యున్నత సైనిక పతకం మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చినప్పుడు వైట్‌హౌస్‌లో మిల్లర్ కూడా ఉన్నాడు.

ఇక పట్టుబడ్డాక కపాన్‌ని ఉంచిన ప్యోక్తాంగ్ ఖైదీల శిబిరం. నువ్వు రెండు వాక్యాల్లో దాటేసిన చోటు. నేనైతే అక్కడే కూర్చుంటాను. పైకప్పు రేకును రాయితో కొట్టి కొట్టి గిన్నె చేశాడాయన. అందులో నీళ్లు కాచి ఇచ్చాడు. విరేచనాలతో లేవలేని వాళ్ల బట్టలు ఉతికాడు. ఆకలితో ఉన్నవాళ్ల కోసం తిండి దొంగిలించడానికి వెళ్లేముందు, శిలువ మీద యేసు పక్కనున్న ఆ మంచి దొంగకు ప్రార్థన చేసుకునేవాడట! ఆ ప్రార్థనను తీసేయకు తమ్ముడూ. ఈ రోజుల్లో విశ్వాసం గురించి రాయడానికి మనవాళ్లు మొహమాటపడతారు, సేవ ఒక్కటే ఉంచి దేవుణ్ణి పక్కన పెడతారు. ఆయనకు ఆ రెండూ వేరు కాదు. రేకు గిన్నె ఎంత గట్టిగా రాస్తావో జపమాలనూ అంతే గట్టిగా రాయి.

నీ పాదరీ చనిపోయే ముందు ఒక పేజీ ఉపన్యాసం చెప్తాడు. కొట్టేయ్. 1951 మేలో జబ్బుపడ్డ కపాన్‌ని కాపలావాళ్లు తీసుకుపోతుంటే వాళ్లనే దీవించాడని తోటి ఖైదీలు చెప్పారు. మే 23న పోయాడు, 35 ఏళ్లకే. ఆ దీవెన చాలదా?

నా మనసులోంచి పోనిది ఇంకొకటుంది. ఆయన పోయాక ఆ శిబిరానికి జెరాల్డ్ ఫింక్ అనే పైలట్ ఖైదీగా వచ్చాడు. యూదుడు. కపాన్‌ని ఎప్పుడూ చూడలేదు, తోటివాళ్లు చెప్పగా విన్నాడంతే. వంటచెరకు చెక్కి ఆయన జ్ఞాపకంగా యేసు శిలువ తయారుచేశాడు. 1953లో విడుదలైన ఖైదీలు దాన్ని తమతో మోసుకొచ్చారు. నీ కథలో చూసే కళ్లు ఎవరివో తేల్చుకోలేకపోతున్నానన్నావు కదా, ఆ చెక్కేవాడి పక్కన కూర్చుని చూడు.

ఆదివారం పూజ అయ్యాక సెయింట్ పాట్రిక్స్ గుడి గేటు దగ్గర ఉంటాను. కంటోన్మెంట్ రోజుల్లో ఐరిష్ సిపాయిలు మోకరిల్లిన గుడి అది. శిబిరం పేజీలు తిరగరాసి తీసుకురా, అక్కడే మెట్ల మీద కూర్చుని చదువుదాం.

మీ అన్న