సిటిజన్‌షిప్‌కి అప్లై చేస్తున్న మేనకోడలికి

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "అన్నయ్యా, అది అమెరికా సిటిజన్‌షిప్‌కి వేస్తోందట, ఎలక్షన్లకి ఇంటింటికీ తిరిగి ప్రచారం కూడా చేస్తుందట" అని ఓ పక్క మురిసిపోతూ ఓ పక్క ముక్కు చీదుతూ చెప్పింది. ఏ పార్టీకో కూడా చెప్పింది. నాకు కాసేపు మాట రాలేదు. మీ అత్తయ్య మాత్రం పక్కన కూర్చుని ఒకటే నవ్వు.

సరే, పార్టీ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఫారం.

2020 అక్టోబరులో గ్రీన్‌కార్డు క్యూలో డేట్లు ముందుకు జరిగినప్పుడు ఈబీ-3కి, అంటే ఉద్యోగం మీద వచ్చే గ్రీన్‌కార్డుల్లో కింది కేటగిరీకి, డౌన్‌గ్రేడ్ చేసుకున్నావు కాబట్టి 2021లో నీకు గ్రీన్‌కార్డు వచ్చింది. అయిదేళ్లు నిండడానికి 90 రోజుల ముందే ఎన్-400, అదే సిటిజన్‌షిప్ ఫారం, వేసుకోవచ్చు. ఆన్‌లైన్లో 710 డాలర్లు, కాగితం మీదైతే 760. అయిదేళ్లలో 30 నెలలు ఇక్కడ ఉండి ఉండాలి, నువ్వున్నావు. మీ నాన్న ఆపరేషన్‌కి వెళ్లినప్పుడు ఆరు నెలలు దాటనీయకుండా వచ్చేశావు, మంచి పని చేశావు. ప్రయాణాల తేదీలు మాత్రం పాస్‌పోర్టు ముద్రలు చూసి రాయి, గుర్తున్నట్టు రాయకు. పరీక్షకి భయపడక్కర్లేదు. కొత్త పద్ధతిలో 128 ప్రశ్నల్లోంచి 20 అడుగుతారు, 12 చెబితే చాలు. ఎంసెట్ రాసినదానివి.

పొలం సంగతి మీ నాన్నకి నువ్వే చెప్పు. పక్క చేను నీ పేరు మీద కొందామంటున్నాడట. ఎన్ఆర్ఐగా ఇప్పుడూ కుదరదు, రేపు ఇక్కడి పౌరురాలివై ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారతీయులకి ఇండియా ఇచ్చేది) వచ్చాకా కుదరదు. వారసత్వంగా వస్తే మాత్రం తీసుకోవచ్చు.

ఇక అసలు విషయం, ఓటరు గడి.

నేను డాలస్ వచ్చిన కొత్తలో ఇర్వింగ్‌లో నాతోపాటు ఒకే అపార్ట్‌మెంట్‌లో భీమవరం అబ్బాయి ఒకడుండేవాడు. పేరు రాయను, వాళ్ల పిల్లలు ఇక్కడే ఉన్నారు. కొన్నేళ్లకి గ్రీన్‌కార్డు వచ్చింది, ఆ తర్వాత లైసెన్సు రెన్యూవల్‌కి వెళ్లాడు. ఆ ఫారంలోనే అమెరికా పౌరులా అని ఒక గడి, ఓటరుగా నమోదు చేయమంటారా అని ఇంకో గడి. వెనకాల పెద్ద లైను, ఆఫీసుకి టైమైపోతోంది. గ్రీన్‌కార్డొచ్చిందంటే సగం సిటిజనే కదా అనుకుని రెండింటికీ టిక్కు పెట్టి సంతకం చేసేశాడు. కొన్నాళ్లకి పోస్టులో ఓటరు కార్డు వచ్చింది. మాకందరికీ చూపించి ఆ సాయంత్రం పకోడీలు వేయించాడు. పిల్లల స్కూళ్లకి బాండ్లతో అప్పు తేవాలా వద్దా అని ఎన్నిక వస్తే బాధ్యతగా వెళ్లి ఓటు కూడా వేశాడు.

చాలా ఏళ్ల తర్వాత ఎన్-400 ఇంటర్వ్యూ. ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా, ఓటు వేశారా అని అడిగింది ఆఫీసరు. మెచ్చుకుంటుందనుకుని "వేశానండీ" అన్నాడు. ఆవిడ పెన్ను కింద పెట్టేసిందట.

పౌరుడు కానివాడు పౌరుణ్ణని చెప్పుకుంటే 1996 చట్టం ప్రకారం దాదాపు మాఫీ లేదు. కొన్ని నేరాలకైనా వేవర్ (మినహాయింపు) దొరుకుతుంది గానీ దీనికి దొరకడం కష్టం. ఓటు వేయడం దానిమీద ఇంకో కేసు. అప్లికేషన్ కొట్టేశారు, ఇమ్మిగ్రేషన్ కోర్టు నుంచి నోటీసు వచ్చింది, దాచుకున్నదంతా లాయర్లకే పోయింది. చివరికి వాడే విసిగిపోయి పెట్టె సర్దుకున్నాడు. ఎయిర్‌పోర్టులో దింపింది నేనే. దారి పొడుగునా ఒకటే మాట: "కార్డు పంపింది వాళ్లే కదరా!"

అందుకే చెబుతున్నాను. గుడి మెట్ల దగ్గర, మాల్ దగ్గర ఓటరుగా నమోదు చేస్తామని ఎవరైనా క్లిప్‌బోర్డు పట్టుకొస్తే దండం పెట్టి వచ్చెయ్. గ్రీన్‌కార్డు మీద ప్రచారం చేయొచ్చు, నీ సొంత డబ్బు చందా ఇవ్వొచ్చు, తలుపులు తట్టొచ్చు. ఆ గడి మాత్రం ముట్టుకోకు. ఇంటర్వ్యూ పాసయ్యాక కూడా ముట్టుకోకు. ఓథ్, అంటే పౌరసత్వ ప్రమాణం, తీసుకునేదాకా నువ్వు సిటిజన్‌వి కావు.

నవ్వకు. 2011లో బేస్‌బాల్ ఫైనల్స్, వరల్డ్ సిరీస్ ఆరో గేమ్ గుర్తుందా? నువ్వప్పుడింకా ఇండియాలో ఉన్నావులే. మా టెక్సస్ జట్టు రేంజర్స్ 3-2తో ముందున్నారు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో 7-5, ఇద్దరు అవుట్, రెండు స్ట్రైకులు పడ్డాయి. ఇంకొక్క స్ట్రైకు పడితే మూడో అవుటు, ఛాంపియన్లం. అప్పుడు అవతలి జట్టు డేవిడ్ ఫ్రీస్ కొట్టిన బంతి మా నెల్సన్ క్రూజ్ తల మీదుగా పోయింది. పదో ఇన్నింగ్స్‌లో మళ్లీ రెండు పరుగులు ముందుకెళ్లారు, మళ్లీ ఒక్క స్ట్రైకు దూరంలో ఆగిపోయారు. పదకొండో ఇన్నింగ్స్‌లో అదే ఫ్రీస్ హోమ్‌రన్‌తో ముగించాడు. ఏడో గేమూ పోయింది. మేం కొన్న స్వీట్లు ఫ్రిజ్‌లోనే ఉండిపోయాయి. ట్రోఫీకి 2023 దాకా ఆగాల్సొచ్చింది. చివరి స్ట్రైకు పడేదాకా గెలిచినట్టు కాదు, ఓథ్ కూడా అంతే.

ఇక రాజకీయాలు. నా వెనకాల నన్ను 'గోడ మామయ్య' అంటావని తెలుసు. అను. మెక్సికో సరిహద్దులో గోడ కావాలన్నవాణ్ణే, ఇప్పటికీ అంటాను. 1986 చట్టంతో ప్రెసిడెంట్ రీగన్ సుమారు 27 లక్షల మంది అక్రమ వలసదారులకి కాగితాలిచ్చాడు, సరిహద్దు గట్టి చేస్తామన్న మాట మాత్రం సగంలోనే ఆగిపోయింది. దారి తెరిచి ఉందన్న పుకారే దొంగదారిన మనుషుల్ని దాటించే ఏజెంటుకి పెట్టుబడి. 2022 జనవరిలో ఆ పుకారు నమ్మే గుజరాత్ నుంచి వచ్చిన ఒక కుటుంబం, ఇద్దరు పిల్లలతో సహా, కెనడాలోని మానిటోబా మంచులో గడ్డకట్టి చనిపోయింది. అమెరికా సరిహద్దుకి సుమారు 12 మీటర్ల దూరంలో. దారి తెరిచి ఉంచడాన్ని నేను జాలి అనలేను.

మనవాళ్లేమీ తక్కువ తినలేదు. 2019లో ఫార్మింగ్‌టన్ దొంగ యూనివర్సిటీ కేసులో పట్టుబడ్డవాళ్లలో తెలుగు పిల్లలే ఎక్కువ. క్లాసుల్లేని చదువేంటని పిల్లల మీద కోపం వచ్చింది. ప్రభుత్వమే దొంగ కాలేజీ పెట్టి వల వేయడమేంటని దాని మీదా వచ్చింది. మా పార్టీ చేసిందంతా ఒప్పని నేననను. హెచ్-1బి వర్క్ వీసా మీద లక్ష డాలర్ల ఫీజు పెట్టినప్పుడు మా వాళ్లతో విందులోనే గొడవపడి లేచి వచ్చేశాను. మీ అత్తయ్య సాక్షి. లైన్లో నిలబడినవాణ్ణే తంతే ఇక లైనెందుకు? వలస వద్దని నేనెప్పుడన్నాను? క్యూబా నుంచి వచ్చిన మా రేంజర్స్ ఆటగాడు అడోలిస్ గార్సియా లేకపోతే 2023లో మాకా ట్రోఫీ ఎక్కడిది!

టెక్సస్‌లో పార్టీ పేరుతో నమోదు ఉండదు. ప్రైమరీలో (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే తొలి ఎన్నికలో) ఏ పార్టీ బ్యాలెట్ అడిగితే అది ఇస్తారు, కాబట్టి మనసు మార్చుకోవడానికి నీకు బోలెడు టైముంది. ఎన్నికకి 30 రోజుల ముందే నమోదు కావాలి, ఓథ్ తేదీ చూసుకో. ఎవరికి వేస్తావో నాకు చెప్పకు. చెబితే ఆ రోజు భోజనాలు తెల్లారేదాకా అవ్వవు.

మా వీధిలోకి ప్రచారానికి వస్తే మాత్రం మా తలుపు తట్టకుండా వెళ్లకు. నీ పాంప్లెట్ తీసుకుంటాను, చదవను, మజ్జిగ ఇస్తాను. ఎండలో టోపీ లేకుండా తిరగకు. ఫారం సబ్మిట్ నొక్కే ముందు పీడీఎఫ్ నాకు పంపు, తేదీలు నేనొకసారి చూస్తాను.

మీ మామయ్య